గీకి పారేసిన పొర

నలభై ఏళ్లు గొర్రె పేగులు కడిగాడు మా నాన్న ఒరెస్తే.
అబ్రుజో కొండల కింద మా కొట్టు,
వయొలిన్ తీగలకి.
లోపలి జిగట పొరని రెల్లు బద్దతో గీకి
కాలవలో వదిలేసి
మిగిలిన నారని మెలిపెట్టి ఎండగడితే
అదీ తీగ.
"జిగట పాడదే, ఇల్దా" అనేవాడు.

ఇప్పుడు పెస్కారా ఆసుపత్రి. ఎనిమిదో మంచం.
బొటనవేలి గోరుచుట్టు
విషమై నెత్తురుకెక్కింది.

డాక్టరమ్మ మందుచీటీ వెనక బొమ్మ గీసింది:
పేగు లోపల ఒకే ఒక్క కణం మందాన గోడ,
చేతులు పట్టుకు నిలబడ్డ కణాలు,
వాటి వెనక కాపలా.
ఒళ్లంతా మంట లేస్తే
శత్రువు ముట్టకుండానే
కాపలావాళ్లు తమంతట తామే రాలిపోతారట.
పట్టుకున్న చేతులు సడలుతాయట.
ఇన్నాళ్లూ పెరటి కోళ్లలా మెలిగిన సూక్ష్మజీవులు
సందు చూసుకుని
నెత్తుట్లోకి నడిచొస్తాయట.

"ఏ గోడ?" అన్నాను, తెలిసే.
"మీరు గీకి పారేస్తారే, అదే."

ముక్కు గొట్టంలోంచి గంటకి పది మిల్లీలీటర్ల తిండి.
ఆకలి తీరడానికి కాదు,
పస్తుంటే గోడ ఇంకా పలచబడుతుందని.

మూడో రాత్రి స్టెతస్కోపు నా చెవులకి పెట్టింది.
నాన్న పొట్ట మీద ఏమీ లేదు.
తీగ తెగిన వాయిద్యానిక్కూడా
కాస్త గాలి చప్పుడుంటుంది.
చాలాసేపటికి, ఎక్కడో అడుగున,
ఒక గుడగుడ.
ఏ శ్రుతికీ అందదు.
మళ్లీ వస్తుందేమోనని ఊపిరి బిగబట్టాను.

కొట్లో తొట్టి నిండా పేగులు నానుతున్నాయి.
పొద్దున్నే నీళ్లు మార్చాలి.
బద్ద ఎక్కడ పెట్టానో గుర్తు రావడం లేదు.