వెడల్పు

వారానికి అయిదు రోజులు బస్సు నడిపేదానికి
శనాదివారాలు కూడా స్టీరింగేనా అని
డిపోలో అందరూ నవ్వారు.
నవ్వనిచ్చాను.

డోల్‌గెల్లై నుంచి బాలా దాకా, మళ్ళీ వెనక్కి,
పదకొండేళ్ళుగా అదే తారు, అవే గొర్రెలు.
గొర్రెలు మారే ఉంటాయి, నేనే గమనించలేదు.
కొండ దిగాక ఎడమపక్క ఒక సన్నదారి,
రెండు రాతిగోడల మధ్య, నడిమిన గడ్డి మొలిచి,
పైకెక్కి ఎటో పోతుంది.
మొదట్లోనే బోర్డు: పెద్ద బండ్లకు కాదు.
రోజుకు ఆరుసార్లు ఆ మాట నన్నే అంటుంది.

మొదట చూసిన కారు ఎర్రది.
దాని పాలిష్‌లో నా మొహం నాకన్నా బాగుంది.
ఇద్వల్ జేబులోంచి అయస్కాంతం తీసి
గీత పడకుండా చేతిరుమాల్లో చుట్టి
తలుపు కింద ఆనించాడు.
జారిపడింది.
ఇంకోచోట పెట్టాడు. జారిపడింది.
"కారు కాదు, లప్పం" అన్నాడు.
అమ్మేవాడు వాన గురించి మాట్లాడటం మొదలుపెట్టాడు.

రెండోది నీలం. ఇంజను బంగారమన్నారు,
నిజంగానే బంగారం.
టేపు సాచి కొలిచాను. అయిదడుగుల ఏడంగుళాలు.
వద్దన్నాను.
టికెట్టు లేనివాణ్ణి నేను చూసే చూపు
ఇద్వల్ నన్ను చూశాడు.

మూడోది టిదిర్ గారి కొట్టంలో, కోళ్ళ మధ్య.
డెబ్భై నాలుగు నాటి ట్రయంఫ్.
పచ్చరంగు వెలిసి వెలిసి
గోడమీది నాచుతో వియ్యమందింది.
గుడ్డ కప్పుకి మూడు మాసికలు.
తలుపు కాస్త ఎత్తి వేస్తేనే పడుతుంది.
హీటరు వేసవిలో పనిచేస్తుందట.
అయస్కాంతం మాత్రం ఠక్కున అతుక్కుని
ఇద్వల్ లాగినా రానంది.
నాలుగడుగుల పదంగుళాలు.
అద్దంతో కలిపి మళ్ళీ కొలిచాను.

"వచ్చినవాళ్ళంతా ఎంత వేగం పోతుందని అడిగారు,
నువ్వేంటి, దర్జీలాగా" అన్నాడు టిదిర్.
ధర యాభై పౌన్లు తగ్గించాడు.
సీట్లో గుడ్డుంటే అదీ నాదేనన్నాడు.
ఉంది.

ఆదివారం పొద్దున
బస్టాపు కనపడగానే కాలు తనంతట తనే
బ్రేకు మీదికి పోయింది.
ఎవరూ లేరు. తడిసిన బెంచీ.
వెనక నుంచి ఎవరూ గంట కొట్టరు,
వెనకంటూ లేదసలు.
అరనిమిషం ఆగి
తప్పైపోయిందన్నట్టు హారన్ కొట్టి కదిలాను.

బోర్డు వచ్చింది.
తిప్పాను.

ఫెర్న్ ఆకులు రెండు పక్కలా చెంపలు నిమిరాయి.
గడ్డి పొట్ట కింద గీరుతూ ఉంది.
రెండో గేరు, ఒక్కో వంపు, తడిసిన రాయి వాసన,
ఎక్కడా దిగమనేవాళ్ళు లేరు, ఎక్కేవాళ్ళూ లేరు,
టైముకి చేరాల్సిన ఊరు లేదు.

పైన ఏముందని సోమవారం అడుగుతారు.
తాడుతో కట్టేసిన ఇనపగేటు.
అవతల ఒక నల్లావు,
మొహంలో వింతేమీ లేకుండా.
తిప్పుకోడానికి చోటు లేదు.

మెడ వెనక్కి తిప్పి
అర మైలూ రివర్సులోనే దిగాను,
గేరు గీపెడుతుంటే,
ఎక్కిన వంపులన్నీ ఇంకోసారి, అటునుంచి.
గోడ ఎక్కడా తగల్లేదు.
అటూ ఇటూ జానెడేసి మిగిలింది.