ఎడమ మూల

ఒరూరోలో ఆగస్టు అంటే గాలి.
పళ్ళ మధ్య ఎప్పుడూ ఇసుక కరకర.
అందుకే షట్టర్ సగమే ఎత్తుతాం.
ఆ సగంలోంచే వంగి వచ్చింది దోన్యా సతుర్నీనా,
వీపున చారల దుప్పటి మూటలో
చంటిదాన్ని మోసినట్టు ముప్పైరెండు అంగుళాల టీవీ.

"మాట ఉంది, బొమ్మ లేదు," అంది.
ఎన్నాళ్ళయింది?
"బంగాళాదుంపలు తవ్వకముందు నుంచి."
అంటే నాలుగు నెలలు.
మా తార్కి మేస్త్రీ కళ్ళజోడు మీదుగా చూశాడు.
ఇన్నాళ్ళెందుకు ఊరుకున్నావని అడగలేదు.
ఆయన ప్రశ్నలన్నీ తీగలకే.

ప్లగ్గు పెట్టాం. ఎవరో వార్తలు చదువుతున్నారు
నల్లటి అద్దం వెనక,
గడియ వేసుకున్న ఇంట్లోంచి వినబడినట్టు.
"లైటు ఆర్పు," అన్నాడు నాతో.
టార్చి తీసి అద్దానికి ఏటవాలుగా ఆనించాడు.

అప్పుడు చూశాను, పనిలో చేరిన మూడో వారంలో:
అరచేతంత వెలుగులో
ఒక చెవి. చెవికి ముత్యం. కదిలే దవడ.
టార్చి జరిపితే ఒక భుజం, దాని వెనక కొండ.
బొమ్మ ఎక్కడికీ పోలేదు.
చీకట్లో కూర్చుని తన పని తాను చేసుకుంటోంది.
వెనక దీపం పెట్టే దిక్కు లేదు, అంతే.

దోన్యా సతుర్నీనా టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుంది.
"మా ఆయనకు తేడా తెలియదు.
గనిలో తూటా పేలి కళ్ళు పోయాయి, పంతొమ్మిదేళ్ళు.
రాత్రి సీరియల్‌కి నేనే చెప్పాలి,
ఎవరొచ్చారో, ఏం తొడుక్కున్నారో.
బొమ్మ పోయిన రాత్రి కూడా అడిగాడు,
ఇప్పుడేం చేస్తోందే ఆ పిల్ల అని.
మెట్లు దిగుతోంది అన్నాను.
నోటికొచ్చింది."

ఆ మెట్లు దిగిన పిల్ల మళ్ళీ ఆగలేదట.
ఆకుపచ్చ కోటు కుట్టించుకుంది. గుర్రం కొంది.
చనిపోయిన ఆడపడుచు నవ్వు తెచ్చిపెట్టుకుంది.
విలన్‌కి వాళ్ళ బావిలో దిగే ఫోర్‌మన్ ముక్కు వచ్చింది.
"కళ్ళకు కట్టినట్టు చెబుతావే అన్నాడు మొన్న.
బొమ్మ ఉన్నప్పుడు ఎన్నడూ అనలేదు ఆ మాట."

మేస్త్రీ ఇరవైరెండు మరలు విప్పాడు,
నేను లెక్కపెట్టి సార్డీను డబ్బాలో వేశాను.
వెన్నకాగితం లాంటి పొరలు ఒక్కొక్కటే ఎత్తి
వేలిముద్ర పడకుండా గోడకు ఆనించాం.
అడుగున సన్నటి పట్టీలు, వాటి మీద చిట్టి దీపాలు,
అన్నీ ఒకే తాటి మీద.
మీటరు ముల్లుతో తట్టుకుంటూ పోయాడు.
మెరిసింది. మెరిసింది. మెరిసింది.
కింద ఎడమ మూలది
మెరవలేదు.
"ఈ ఒక్కటి చచ్చిందని మిగతావన్నీ మైల పట్టాయి."

కొత్త పట్టీ అంటే లా పాజ్ నుంచి రావాలి,
రెండు వారాలు, నూట ఎనభై బొలివియానోలు.
లేదా చచ్చినదాని నెత్తిమీదుగా తీగ వేసేస్తాను, నలభై.
మూల మాత్రం మసకగా ఉండిపోతుంది.

ఆమె టోపీ అంచు తిప్పుతూ చాలాసేపు కూర్చుంది.
డబ్బుల లెక్క అనుకున్నాను.
"నలభై," అంది.

టంకం పొగ. పొరలు. మరలు.
స్విచ్చి వెయ్యగానే ఎవరో వంటావిడ ఉల్లిపాయలు తరుగుతోంది,
నిజంగానే మా కళ్ళు మండినంత తెల్లగా.
తర్వాత ప్రకటనలు. ఆ మధ్యలో రాత్రి సీరియల్ తునక:
పొట్టి జుట్టు, ఎర్ర చొక్కా, ఆస్పత్రి బల్ల మీద ఒక అమ్మాయి.
"ఈవిడేనా?" అన్నాను.
దోన్యా సతుర్నీనా ముందుకు వంగి చూసింది,
వంకలు పెట్టే అత్తగారిలా.
"ఇలా చిక్కిపోయిందేమిటి," అంది.

దుప్పటి పరిచి మూట కట్టబోతూ ఆగింది.
ఎడమ మూల మసక మీద వేలు పెట్టి,
అక్కడ ఎంత చోటుందో కొలిచినట్టు అటూ ఇటూ జరిపి,
"గుర్రాన్ని ఇక్కడ కట్టేస్తాలే," అంది.

ఆమె వెళ్ళాక చూస్తే
సార్డీను డబ్బాలో ఒక మర మిగిలింది.