కొమ్ముకి దీర్ఘం

ఇరవై ఆరేళ్లు స్టేషన్ రైటర్‌గా చేశాను బెజవాడలో.
లాఠీ పట్టింది తక్కువ, కలం అరగదీసిందెక్కువ.
మనిషి గడప దాటి లోపలికొచ్చేసరికి
నా దగ్గర మాట సిద్ధంగా ఉండేది.
అనుమానితుడు, బెంచీ మీద కూర్చున్నంతసేపూ.
కాగితమ్మీదికెక్కితే నిందితుడు.
బోనెక్కితే ముద్దాయి.
జడ్జిగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నాక
దోషి.
ఆ తర్వాత ఎన్నేళ్లు బుద్ధిగా బతికినా
మా రిజిస్టర్లో పాత నేరస్థుడు.
ఎక్కడానికే గానీ ఆ మెట్లు
దిగడానికి మాటలు లేవు మా శాఖలో.
నిర్దోషి అని ఒకటుంది కదా అంటారు.
పలికి చూడండి,
అందులోనూ దోషి కూర్చునే ఉంటాడు.

కాదనడానికీ అంతే, ఎన్ని మాటలో.
నిషేధం చదువుకున్నది, గెజిట్లో పడుకుంటుంది.
బందు లారీ ఎక్కి కేకలేస్తూ వస్తుంది.
ఆంక్షకి ఎప్పుడూ చేతిలో గడియారం.
వెలి ఉంది చూశారూ,
దానికి బోర్డు అక్కర్లేదు, రంగు అక్కర్లేదు,
బావి దగ్గర ఒక చూపు చాలు.
వీటన్నిటిలోకీ చిన్నది ‘రాదు’.
క్రియ తోకపట్టుకు వేలాడుతుంది:
ఉమ్మరాదు, అంటించరాదు, వాహనములు నిలుపరాదు.

ఆ ఏడు బందరు కాలువ గట్టున
కార్పొరేషను వాళ్లు పదకొండు బోర్డులు నిలబెట్టారు.
‘ఇచ్చట బట్టలు ఉతకరాదు.
అతిక్రమించినవారు శిక్షార్హులు.’
రాసింది వించిపేట కాలేషా.
బోర్డుకి నూటెనభై, అదీ మూణ్ణెల్ల అప్పు.

వారం తిరక్కుండానే
ఆరో బోర్డు రేవులోంచి
తిరపతమ్మనీ, ఆమె కోడల్నీ,
నాలుగు మూటల లాడ్జీ దుప్పట్లనీ పట్టుకొచ్చారు.
స్టేషను వరండా అంతా నీళ్లు.
సెంట్రీ బూట్లు తడిశాయి.
‘‘చదువు రాదా?’’ అన్నాడు ఎస్సై.
‘‘నాకు రాదు బాబూ. మనవడికొచ్చు.
ఉతుక్కోమనే రాశారంట.’’

పంచనామాకని వెళ్లి చూశాను.
దు కొమ్ము చివర, అదే ఎర్ర రంగుతో,
పిల్లి తోకంత సన్నగా ఒక గీత.
ఇచ్చట బట్టలు ఉతకరాదూ.

మీకు చెప్పాలా,
ఎండన పడి వచ్చినవాణ్ణి మా పెద్దమ్మ ఎలా ఆపేదో.
ఇంత మజ్జిగ తాగి వెళ్లరాదూ.
ఈ పూటకి ఉండిపోరాదూ.
ఒక్క గీతతో
చట్టం చేయి పట్టుకుని బతిమాలుతోంది.

కాలేషాని పిలిపించాం.
‘‘చెయ్యి జారింది సార్.’’
పదకొండు బోర్డుల్లో ఒక్కచోటే జారిందా?
గోళ్లలో ఎరుపు గీక్కుంటూ చాలాసేపు నిలబడ్డాడు.
‘‘అన్నం పెట్టింది ఆ ఒక్క రేవులోనే సార్.’’

ఏ సెక్షను కింద రాయను?
ప్రభుత్వ ఆస్తికి నష్టమందామంటే
రంగు పెరిగిందే గానీ తగ్గలేదు.
గుణింతం మీద నేరానికి
ఏ చట్టంలోనూ శిక్ష లేదు.
ఎస్సై ఇంగ్లీషు మీడియం కుర్రాడు.
‘‘రెంటికీ తేడా ఏంటయ్యా?’’ అన్నాడు.
‘‘ఏం లేద్సార్. రాతలో పొరపాటు’’ అన్నాను.
నా సర్వీసులో నేనాడిన అబద్ధం
అదొక్కటేనని చెప్పను.
నిద్ర పట్టనిచ్చింది మాత్రం అదొక్కటే.

దుప్పట్లు పిండుకుని వెళ్లిపోయారు వాళ్లు.
వరండా ఆరడానికి సాయంత్రమైంది.

ఇప్పుడా రేవు లేదు.
ఇనప కంచె, సిమెంటు కొంగలు, సాయంత్రం దీపాలు.
గేటుకి స్టిక్కరు బోర్డు,
మనిషి చెయ్యి తగలని అక్షరాలు:
‘ప్రవేశం నిషిద్ధం.’
పొద్దున నడకకెళ్లినప్పుడల్లా ఆగి చూస్తాను.
కొమ్ము లేదు. దీర్ఘానికి చోటు లేదు.
చివర గుండ్రంగా సున్నా,
తాళం వేసినట్టు.

కాలేషా బతికుంటే
ఎక్కడ జారేదో వాడి చెయ్యి.