నడుము కింద బస్సు టికెట్

కండె జారి గుంటల పడ్డది.
ముప్పై ఏండ్ల సంది కాళ్లు వేలాడేసుకున్న గుంటే,
మోకాలి లోతు.
తీసుకుందామని కూసోబోతే
తుంటి కాడ ఎవరో గడియ పెట్టిండ్రు.
కట్టెతోని గెదుముకున్న నా కండెను నేనే,
వాకిట్లకొచ్చిన కోడిని గెదిమినట్టు.
భూలక్ష్మి చూసి, చూడనట్టు రాట్నం తిప్పింది.

నాలుగు నెలలు గుంజిన.
గుమ్మానికి కాలు ఆనిచ్చి గుంజిన,
మడిమకు పడుగుతాడు కట్టి గుంజిన.
ములుగు రోడ్డు కాడ ఒకాయన ఇప్పనూనె రాసి
తొడను పిండిండు, తడిచీర పిండినట్టు.
గుంజిన నాడు జానెడు వచ్చేది,
తెల్లారితే బెత్తెడే.
రాత్రిపూట ఎవరు మలుపుకపోతుండ్రో తెలువలె.

మట్టెవాడల ఫిజియో, నుజ్హత్,
మా చిన్నోని ఈడు పిల్ల,
నా తుంటిని ముట్టనే లేదు.
వెల్లకిల పండబెట్టి, మోకాళ్లు మడిపిచ్చి
నడుము కింద అరచెయ్యి దూర్చింది.
చెయ్యి అవతలికి ఎల్లింది.
"ఈ సందుల ఆటో పోతది కాకా" అన్నది.
జేబుల కాగితమేమన్న ఉంటే ఇమ్మన్నది.
మొన్న కాజీపేటల జంపఖానలు ఏసొచ్చిన బస్సు టికెట్.
దాన్ని నడుము కింద పెట్టి
"చేతులు పైకెత్తు. కాళ్లు లేపు.
ఒక్క మడిమను మెల్లగ నేలకు దించు.
నేను టికెట్ గుంజుత. రావద్దు."

వచ్చింది.
మడిమ ఇంకా గాలిలనే ఉన్నది, టికెట్ ఆమె చేతుల.
వెల్లకిలపడ్డ బొద్దింక లెక్క నేను,
యాభై మూడేండ్ల మగ్గం మనిషిని,
బెత్తెడు కాగితాన్ని ఆపలేకపోయిన.

"నీ తుంటి మొండిది కాదు కాకా, భయపడ్డది.
నడుమ కాపలా ఎవ్వరు లేరు.
ఇంట్ల మనిషి లేకుంటే తలుపు గడియ పడదా?"
తలకాయ ఊపిన గని ఎక్కలేదు నాకు.

కొత్తవాడకొచ్చి మగ్గంల కూసున్నంక ఎక్కింది.
ఆ పొద్దు పడుగు వదులున్నది.
పలక తొక్కితే సగం పోగులు లేచినయి,
సగం అలిగి పండుకున్నయి.
ఇంకింత తొక్కిన. ఇంకింత.
పలక ఇరుగుతది గని పడుగు నోరు తెరువది.
ఎనుక దండె తిప్పి తాడు బిగిచ్చిన.
మెల్లగ తొక్కిన.
చెయ్యి పట్టేంత తెరుచుకున్నది.

బిగువున్న కాడనే తెరుపు.
మరీ బిగిస్తే తెగుతది, అది గూడ తెలుసు నాకు,
అందుకే కావచ్చు ఆ పిల్ల
"ఊపిరి పట్టకు, ఊపిరి పట్టకు" అని మొత్తుకున్నది.
ముప్పై ఏండ్లు నా కాళ్లకు తెలిసిన ముచ్చట
నా కడుపుకు ఒక్కనాడు చెప్పలేదు.

ఇగ పొద్దుగాల చాయ కాకముందే
భూలక్ష్మికి నన్ను గుంజుడు పని.
"టికెట్, టికెట్" అనుకుంట వచ్చేది కండక్టరు లెక్క.
పెండ్లైన సంది నా మీద ఏం కోపమున్నదో
అంతా ఆ కాగితం కొసకే తీర్చుకున్నది.
మొదటి వారం చెప్పకుండనే వచ్చేసేది.
తర్వాత జర సతాయించి వచ్చేది.
నెల మీద ఆరు రోజులకు
చిరిగింది.
సగం ఆమె చేతుల, సగం నా కింద.
ఇద్దరం కొంచెంసేపు సప్పుడు చెయ్యలే.

నిన్న కండె మళ్ల జారింది
(జారిందో, నేనే ఇడిసిన్నో).
కూసున్న.
మోకాళ్లు చెరో దిక్కు జరిగినయి,
పంక్తిల ఆలస్యంగ వచ్చినోనికి చోటిచ్చినట్టు.
గుంట అడుగున ఎంత దూదో!
మూడు కండెలు, ఒక పాత అర్ధరూపాయి,
భూలక్ష్మి పక్కపిన్ను, ఎవరు తీసిండ్రని
ఒకనాడు ఇంటిల్లిపాదిని తిట్టిన పిన్ను.

లేచుడంటరా, మగ్గం పట్టుకొనే లేచిన.
ముసురు పడితే ఎడమ తుంటి ఇంకా గొణుగుతది.
గొణగనీ.
సగం టికెట్ పంజా పక్కన చెక్కి పెట్టిన.
వరంగల్ అన్న ముక్క చిరిగి పోయింది,
కాజీపేట మిగిలింది.