సున్నాకు ముందు

తండయార్‌పేటలో మా గోడౌన్ ఆఫీసుకు
కిటికీ ఒకటే. అందులోంచి కంటైనర్లే కనపడతాయి.
సముద్రం వాసన వస్తుంది, సముద్రం రాదు.

నేను స్టోర్స్ రిజిస్టరు రాస్తాను.
చేతి తొడుగులు, తాళ్లు, గ్రీజు డబ్బాలు.
పన్నెండో పేజీ, ఆరో వరస:
హెల్మెట్లు, నిల్వ 0.
మార్చిలో రాశాను, ఏప్రిల్లో రాశాను, మేలోనూ రాశాను.
మే ఇరవైమూడున గొలుసు తెగి
కొక్కెం ఏళుమలై తల మీద పడింది.

మేనేజరు అరవలేదు. అరిస్తే బాగుండేది.
అల్లం టీ తెప్పించాడు.
"తబితా, ఆ సున్నాకు ముందు
ఒక నాలుగు పెట్టమ్మా, చాలు."
అంటే హెల్మెట్లు నలభై ఉన్నాయి,
అతనే పెట్టుకోలేదు.
ఒక్క అంకెతో ముగ్గురు పిల్లల తండ్రి
తన చావుకు తానే జవాబుదారీ.

భయం నాకు కొత్త కాదు.
ఐదో తారీఖున అద్దె భయం,
నవంబరు వానకు మెట్లెక్కే నీళ్ల భయం,
పులియంతోపులో పుట్టినదాన్ని,
బూటు చప్పుడు ఎవరిదో చూడకుండానే చెప్పగలను.
కానీ ఇది ఎదురుగా కూర్చుని
మర్యాదగా టీ చల్లార్చుకుంటున్న భయం.
"రేపు పొద్దున పెడతాను సార్" అన్నాను.
అబద్ధమో నిజమో అప్పటికి నాకే తెలీదు.

మా నాయనమ్మ దీనమ్మ
ముప్పయ్యొక్క ఏళ్లు కార్పొరేషన్ చీపురు పట్టింది.
మేస్త్రీకి వణికేది, వడ్డీ ఆయనకు వణికేది,
చివరికి లిఫ్టుక్కూడా. పెద్దాసుపత్రిలో
ఐదంతస్తులూ మెట్ల మీదే ఎక్కింది, ఆయాసంతో.
ఆదివారం తెలుగు ఆరాధనకు ముందు
చర్చి మెట్లు తుడిచేటప్పుడు మాత్రం
చెప్పులు గేటు దగ్గరే వదిలి,
ముసుగు సర్దుకుని,
మొదటి మెట్టు మీద చీపురు ఆనించబోయి
ఒక్క క్షణం ఆగేది,
లోపల ఎవరో ఉన్నారని తెలిసినట్టు.

"ఇక్కడ కూడా భయమేనా?" అనడిగాను, ఎనిమిదేళ్లదాన్ని.
"భయమే. మేస్త్రీ ముందర
నేనెట్టా కనపడతన్నానో అని భయం.
ఈయన ముందర, ఈయన ఎంతటోడో అని.
ఇందులో నేను గుర్తుకే రానే పిల్లా" అంది.
అని, మిగతా మెట్లు తుడిచింది.

పాస్టరుగారు ఆ మాట ఒక్క ఊపిరిలో అనేవారు:
భయభక్తులు.
మధ్యలో ఆగడానికి చోటు లేని మాట.
నేను ఇన్నాళ్లూ
మొదటి సగం దగ్గరే దిగిపోయాను,
టిక్కెట్టు చివరిదాకా ఉన్నా.

ఆ రాత్రి ప్రార్థన చేశానని చెప్పను.
కరెంటు పోయి, ఫ్యాను ఆగిపోయి,
చీకట్లో కూర్చున్నాను.
ఏళుమలై పేరు పలికాను. ఇంకేం రాలేదు.
అప్పుడు తట్టింది:
పన్నెండో పేజీ ఎప్పుడూ తెరిచే ఉంది,
నేను పుస్తకం మూసి బీరువాలో పెట్టినా.
ఆ చూపు కోపంగా లేదు.
ఉండి ఉంటే తట్టుకునేదాన్నేమో.
అంత పెద్దది
ఒక చనిపోయిన కూలీ దగ్గర ఆగి ఉంది,
కదలకుండా.
నా ఒళ్లు జలదరించింది.
మేనేజరు చిన్నవాడైపోయాడని కాదు,
అసలు గుర్తుకే రాలేదు.

పొద్దున్నే రిజిస్టరు తీశాను.
గుర్తుకొచ్చాడు. మోకాళ్లు వణికాయి.
అద్దె కూడా గుర్తుకొచ్చింది, రెండు నెలలది.
సున్నా పక్కన, చెక్కు మీద రాసినట్టు,
ఏ అంకె దూరే సందూ లేకుండా
అక్షరాల్లో రాశాను: సున్నా మాత్రమే.
సంతకం వంకర పోయింది.
అది నా సంతకంలా లేదు గానీ నాదే.

అల్లం టీ మళ్లీ రాలేదు.
లోపలి గదిలో ఫోను చాలాసేపు మాట్లాడింది,
నా పేరు రెండుసార్లు వినపడింది.

మా దగ్గర చెప్పులు విప్పకూడదు.
భద్రతా నియమాలని గోడ మీద బోర్డుంది,
ఏళుమలై చనిపోయిన చోటికి ఎదురుగా.
అయినా బల్ల కింద
నా పాదాలు వాటంతటవే బయటికొచ్చి
చల్లటి సిమెంటు మీద ఆగాయి.