మీటరున్నర

వేర్‌హామ్ దాటాక హెదర్ పొదల్లో
ఏప్రిల్ ఎండ ఎప్పుడొస్తుందో, ఎప్పుడు పోతుందో.
తొమ్మిదింటినుంచీ బోర్లా పడుకునున్నాను.
మోచేతుల కింద ఇసక, చొక్కాలోకి చీమలు,
నాకంటే ముందు మెడ చాపుకుని
నాలుగువందల మిల్లీమీటర్ల లెన్సు.

వచ్చింది.
జానెడు మగ బల్లి,
జతకోసం పక్కలంతా పచ్చ పూసుకుని.
మన తొండలా తల ఊపదు.
పక్కటెముకలు విప్పి, దోసెలా పరుచుకుని
ఎండకి కాగుతోంది.

ఇంకో బెత్తెడు జరిగాను.
లెన్సు ముందుకీ వెనక్కీ వెతికి వెతికి
ఒప్పుకోలేదు.
మీటరున్నర లోపల దానికేదీ ఆనదు.
వెనక్కి జరిగితే
ఒక్కో పొలుసూ తేటపడింది.

తునిలో కాలవగట్టున
ఈనెపుల్ల కొసకి ఉచ్చు వేసి తిరిగేవాళ్లం
నేనూ, నూకరాజూ.
ఓసారి గోడమీద బల్లిని ఒడిసి పట్టాను.
తోక ఒక్కటే చేతిలో మిగిలి
చాలాసేపు ఆడింది.
"ఇంకా బతికే ఉందిరోయ్!" అని వాడు నవ్వాడు.
నేనూ నవ్వాను.
అంత దగ్గర్నుంచీ
దాని కన్ను ఏ రంగో చూళ్లేదు.

దీని కన్ను రాగిరంగు.
తోక సగంనుంచి వేరే,
మచ్చల్లేని బూడిద, కొత్తగా మొలిచింది.
ఎవరు లాగారో. పిల్లో, కాకో,
సెలవులకొచ్చిన ఏ కుర్రాడో.

ఊపిరి బిగబట్టి నొక్కాను.
కన్ను పదును. తోక మసక.
మబ్బు కమ్మగానే పొదలోకి జారిపోయింది.

లేచి చూస్తే ఇసకలో
నా పొడుగున గుంట.
బూటుతో చదును చెయ్యబోయి ఆగాను.
జూన్‌లో ఆడవి ఇక్కడే గుడ్లు పెడతాయని
వార్డెన్ రోవీనా చెప్పింది.
మోకాళ్లమీద కూచుని
చేత్తోనే సర్దాను.