శనివారమే తెచ్చిన నీళ్లు

లూయిస్ దీవిలో, పడమటి ఒడ్డున,
చెట్టన్నది లేని చోట ఉంటుంది ఓయ్‌రిక్ ముసలమ్మ.
పొయ్యిలోకి కట్టె దొరకదు. నేలనే కోసుకుంటుంది:
వేల ఏళ్లు నీళ్లలో నాని నల్లబడ్డ నాచుని
ఇటుకల్లా కోసి, గాలికి ఆరబెట్టి,
చలికాలమంతా కాలుస్తుంది.

కోయొద్దని చెప్పడానికి నన్ను పంపారు.
చేతిలో లోతు కొలిచే కడ్డీ,
సంచిలో పదహారు పేజీల ఫారం.
ఈ బురద కింద ఎంత బొగ్గుపులుసు గాలి నిద్రపోతోందో చెప్పాను.
గడువు దగ్గరపడిందన్నాను.
ఇప్పటికైనా మారకపోతే మంటలూ వరదలూ తప్పవన్నాను.
ఎవరి తప్పు వాళ్లు లెక్క చూసుకోవాలన్నాను.

టీ వంచుతూ నవ్వింది.
"మా తాతా ఇలాగే మాట్లాడేవాడు రూరీ,
చర్చిలో, బల్ల గుద్ది మరీ.
కాకపోతే ఆఖర్న ఇంకో మాట ఉండేది ఆయన దగ్గర.
నరకాన్ని ఉంచుకుని
క్షమాపణని పారేశారేం మీరు?"

నీళ్లు నమిలాను.
విమానం ఎక్కినప్పుడల్లా ఎక్కడో
నాలుగు మొక్కలకి డబ్బు కడతామని గొణిగాను.
"ఓహో, పాపానికి రసీదు!
దానిమీదే కదా మావాళ్లు ఒకప్పుడు
కొట్లాడి బయటికొచ్చింది."

ఆ తర్వాత నవ్వలేదు.
"పోయినేడు మీ ఆఫీసు పిల్ల ఒకతె
ఈ బల్ల దగ్గరే, నా రొట్టె తింటూ అంది:
మనుషులు లేకపోతే భూమి హాయిగా ఉండేదట.
ఏడుగుర్ని కన్నాను. ఇద్దర్ని సముద్రం ఉంచేసుకుంది.
మిగిలినవాళ్లలో ఎవర్ని తీసేస్తే హాయో
అడగాలనిపించింది.
అడగలేదు. వెన్న అందించాను."

కిటికీ అవతల వాన అడ్డంగా కురుస్తోంది.

"భూమి దేవత కాదయ్యా. అలాగని సరుకూ కాదు.
ఒకడి పొలం. మనం కౌలుకున్నాం.
కౌలుదారు మడికి మొక్కడు, మడిని అమ్ముకోడు.
ఆసామి ఏ పొద్దున వస్తాడోనని గట్టు సరిచేసుకుంటాడు.
కోసిన గుంటలో పైపచ్చికని మళ్లీ పరవడం
నాకెవరు నేర్పారనుకున్నావు, మీ ఫారమా?

ఉల్లంకి పిట్టలు తగ్గాయి. చూడలేదనుకోకు.
అందులో నా చెయ్యీ ఉంది.
చెప్పుకోవాల్సిన చోట చెప్పుకున్నాను."

అది శనివారం.
చీకటి పడేలోపు రెండు బకెట్ల నీళ్లు తెచ్చిపెట్టింది.
పొయ్యికి చాలినన్ని గడ్డలు లోపలికి చేర్చింది.
పారని కడిగి గోడకి ఆనించింది,
గుర్రాన్ని కట్టేసినట్టు.

ఆదివారం
దండేల మీద ఒక్క చొక్కా లేదు.
నేను కారు తాళాలు తీశాను. ఆమె చూసింది, అంతే.
మళ్లీ జేబులో వేసుకున్నాను.
చర్చిలో ఒకాయన ఒక చరణం ఎత్తుకుంటే
జనం వెనకాలే, ఎవరి ఊపిరికి తగ్గట్టు వాళ్లు,
గుంపుగా లేచిన కొంగల్లా అందుకున్నారు.
చల్లారిన మాంసం తిన్నాం.
పొద్దున్నించి పొద్దుగూకేదాకా ఆ ఊళ్లో ఎవరూ
దేన్నీ కోయలేదు, కొనలేదు, కొలవలేదు.

మా ఆఫీసులో
భూమి కోసం ఒక్కరోజు ఊరుకున్నవాణ్ణి నేనెరగను.
ఆదివారాలు కూడా నివేదికలు రాస్తాం.

ఆమె గెలిచిందని కాదు.
సోమవారం కడ్డీ దించాను. బురద తగ్గుతోంది.
కడ్డీకి చర్చీ తెలీదు, ఆఫీసూ తెలీదు.

"యజమాని పేరు" అన్న గడిలో
ఆమె పేరు రాయబోతే వద్దంది.
ఎస్టేటు దొర పేరు రాస్తానంటే పకపకా నవ్వింది.
ఖాళీగా వదిలితే పైవాళ్లు ఒప్పుకోరన్నాను.

"పైవాడైతే ఒప్పుకుంటాడు. నీ పాట్లు నువ్వు పడు"
అని, పార అందుకుని,
వానలోకి నడిచింది.